గరగరలాడే గీతలు రోడ్డు మీద ఎక్కడ ఉండాలి?

గత సంచికలో రోడ్డు ప్రమాదాల గురించి రాస్తూ, రోడ్డుకు అడ్డంగా వేసే రంబుల్ స్ట్రిప్స్ (చక్రం తగిలితే గరగరమని చప్పుడు చేసి డ్రైవరును హెచ్చరించే పట్టీలు) కంటే అంచు వెంబడి, మధ్యగీత వెంబడి పొడవునా వేసేవి మన రహదారులకు ఎక్కువ అవసరమని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికే హైదరాబాదు నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నడుము నొప్పితో రాసినవారు, నిద్ర పట్టక రాసినవారు, ఇంట్లో మనిషిని పోగొట్టుకుని రాసినవారు ఉన్నారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్నీ ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను ఎల్బీనగర్‌లో ఉంటాను. చౌటుప్పల్ దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడిని. రోజూ బండి మీద వెళ్లి వస్తాను. దారిలో గుంపులు గుంపులుగా వేసిన తెల్లటి ఉబ్బు గీతల మీదుగా వెళ్లిన ప్రతిసారీ వెన్నుపూస కదిలినట్లు ఉంటుంది. వీటి బదులు ఒక స్పీడు బ్రేకరు చాలదా? అసలు వీటివల్ల ప్రమాదాలు తగ్గుతాయా?

జవాబు: ముందుగా ఈ రెండింటికీ ఉన్న తేడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర వీటిని వేసేవారు కూడా ఆ తేడాను తరచుగా మరచిపోతున్నారు. స్పీడు బ్రేకరు బండిని బలవంతంగా నెమ్మదింపజేస్తుంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఐఆర్‌సి 99 పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలని, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దానిమీద సాఫీగా ఎక్కి దిగాలని చెప్పారు. జాతీయ రహదారి మీద 80, 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికి అలాంటి మిట్ట తగిలితే అదే ప్రమాదమవుతుంది కాబట్టి జాతీయ రహదారుల మీద స్పీడు బ్రేకర్లు ఉండకూడదన్నది కేంద్ర రవాణా శాఖ వైఖరి. కనుక మీరు కోరిన ప్రత్యామ్నాయం ఆ రోడ్డుకు పనికిరాదు.

మీరు చెప్పిన ఉబ్బు గీత, అంటే రంబుల్ స్ట్రిప్, చేసే పని వేరు. అది బండిని ఆపదు, డ్రైవరును పిలుస్తుంది. మన ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న ఒక కొలత ప్రకారం 15 నుంచి 25 మిల్లీమీటర్ల ఎత్తు, 20 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలను మీటరుకు ఒకటి చొప్పున పదిహేను ఇరవై వేస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది కాబట్టి ఆ ఇరవై పట్టీలనూ సెకను కూడా పట్టకుండానే దాటేస్తుంది. ఆ ఒక్క సెకనులో డ్రైవరు చేతులకు, చెవులకు అందే కబురు ఒక్కటే: ముందు ఏదో ఉంది, చూసుకో. ఆ కబురు అందాక బ్రేకు మీద కాలు వేయవలసింది అతడే.

ఇక్కడే మన దగ్గర పెద్ద తప్పు జరుగుతోంది. హెచ్చరిక అందిన తర్వాత మనిషి తేరుకుని బ్రేకు వేయడానికి రోడ్డు డిజైనులో రెండున్నర సెకన్ల వ్యవధి లెక్కలోకి తీసుకుంటాము. అంటే 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేయకముందే 55 మీటర్లు గడిచిపోతాయి, బండి పూర్తిగా ఆగడానికి మొత్తం 120 మీటర్లు కావాలి. వేగం 100 అయితే 180 మీటర్లు కావాలి. అలాంటప్పుడు మనుషులు రోడ్డు దాటే చోటికి ఇరవై ముప్పై మీటర్ల ముందు పట్టీలు వేస్తే ప్రయోజనం ఏముంటుంది? ఇది నేను ఇతరుల మీద వేస్తున్న నింద కాదు. రోడ్ల పనుల్లో చేరిన కొత్తలో ఒక కూడలి దగ్గర, ఊరివాళ్లు పట్టుబట్టారని, మలుపుకు మరీ దగ్గరగా నేనే పట్టీలు వేయించాను. నెల తర్వాత వెళ్తే అక్కడ ఇడ్లీ బండి నడిపే ఆవిడ, "గరగర చప్పుడు, బ్రేకు కీచు ఒక్కసారే వినబడుతున్నయి సారూ, మధ్యల సందే లేదు" అన్నది. ఆ సందు కోసమే ఈ పట్టీలు. ఆవిడ మాట విన్నాక వాటిని తీయించి వెనక్కి జరిపించాను. ఆ కొలత నాకు పుస్తకంలో ఉంది, ఆవిడకు చెవిలో ఉంది.

సరైన చోట వేస్తే అడ్డ పట్టీలు పనిచేస్తాయనడానికి మనలాంటి దేశం నుంచే ఉదాహరణ ఉంది. ఘనా దేశంలో అక్రా, కుమాసీ నగరాల మధ్య ప్రధాన రహదారి మీద సుహుమ్ అనే ఊరి కూడలి దగ్గర రంబుల్ స్ట్రిప్స్ వేసిన తర్వాత ప్రమాదాలు దాదాపు 35 శాతం, మరణాలు దాదాపు 55 శాతం తగ్గినట్లు నమోదైంది. అక్కడ కూడా రోడ్డు పక్కనే సంత ఉంటుంది, మనుషులు నడిచే రోడ్డూ లారీలు పోయే రోడ్డూ ఒకటే. అయితే వీటివల్ల వేగం ఎంత తగ్గుతుందన్న విషయంలో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు, చాలాచోట్ల తగ్గుదల కొద్దిగానే ఉంటుంది. పైగా నెమ్మదిగా వెళ్తే కుదుపు ఎక్కువగా, వేగంగా వెళ్తే తక్కువగా తెలుస్తుందని మన డ్రైవర్లు కనిపెట్టారు. ఇది అబద్ధం కాదు, వేగం పెరిగినప్పుడు చక్రం ఒక పట్టీ నుంచి మరో పట్టీ మీదికి దూకినట్లు పోతుంది. నిండా బరువు ఎక్కించిన లారీకి తెలిసేది ఇంకా తక్కువ. పాపం మీలా రెండు చక్రాల బండి మీద పోయేవారికే మొత్తం తెలుస్తుంది.

మీ నడుము నొప్పికి కారణం పట్టీలు ఉండడం కాదు, అవసరానికి మించి ఉండడం. కిలోమీటరుకు రెండుచోట్ల పిలిచే గొంతును ఎవరూ పట్టించుకోరు. టోల్‌ప్లాజా ముందు, హఠాత్తుగా వచ్చే మలుపు ముందు, పొడవైన తిన్నని రోడ్డు ఒక్కసారిగా ఊరిలోకి దిగే చోటుకు ముందు తప్ప అడ్డ పట్టీలు వేయకూడదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాను, కారు బాడుగకు నడుపుతాను. వరంగల్, హన్మకొండ కిరాయిలు రాత్రిపూటే ఎక్కువ. తెల్లవారుజామున తిరిగి వచ్చేటప్పుడు రెండుసార్లు కళ్లు మూతపడ్డాయి. ఒకసారి బండి మట్టిలోకి దిగాక మెలకువ వచ్చింది. మీరు రాసిన అంచు పట్టీలు అంటే ఏమిటి?

జవాబు: ఈ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. ఇలా నిజం ఒప్పుకుని రాయడానికి ధైర్యం కావాలి, అందుకు మీకు కృతజ్ఞతలు.

అంచు పట్టీలంటే రోడ్డుకు ఎడమవైపు చివర కనిపించే తెల్లగీతకు ఆనుకుని, లేదా ఆ గీత కిందనే, రోడ్డు పొడవునా తారులో వరుసగా కోసిన చిన్న గాళ్లు. మామూలుగా నడిపేవారి చక్రం వాటిమీదికి రాదు కాబట్టి దారి తప్పని వారిని అవి ఏమాత్రం ఇబ్బంది పెట్టవు. కునుకు పట్టి బండి పక్కకు జారినప్పుడు మాత్రమే చక్రం వాటిమీదికి ఎక్కుతుంది, ఆ క్షణంలో బండి అడుగు నుంచి గర్జనలాంటి చప్పుడు లేస్తుంది, స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. అవసరమైన మనిషికి అవసరమైన క్షణంలో మాత్రమే పనిచేసే ఇలాంటి ఏర్పాటు రోడ్డు మీద మరొకటి నాకు తెలియదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే రహదారి మీద 1952లోనే అంచున కాంక్రీటు పట్టీలు వేసి, వాటిని పాడే అంచులని పిలిచారు. ఆ తర్వాత, 1980ల చివర్లో, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కునుకుపట్టిన డ్రైవర్లు రోడ్డు దిగిపోయే ప్రమాదాలు ఎక్కువగా ఉండడంతో అక్కడి ఇంజినీర్లు గాళ్ల కొలతల మీద ప్రయోగాలు చేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడే కొలతలో ఒక్కో గాడి బండి పోయే దిశలో 18 సెంటీమీటర్లు, అడ్డంగా 40 సెంటీమీటర్లు, లోతు 13 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక గాడి నడిమి నుంచి తర్వాతి గాడి నడిమికి దూరం 30 సెంటీమీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే చక్రం సెకనుకు ఎనభైకి పైగా గాళ్లను తడుతుంది, ఆ దెబ్బల వరుసే చెవికి గర్జనగా వినబడుతుంది. తారు వేసి ఉన్న రోడ్డులో యంత్రంతో కోస్తారు కాబట్టి ఒక్కరోజులో చాలా కిలోమీటర్ల పని అవుతుంది. రోడ్డును వెడల్పు చేయడంతోనో, ఇనుప రెయిలింగులు పెట్టడంతోనో పోలిస్తే దీనికయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఫలితాల సంగతికి వస్తే, అమెరికా ఫెడరల్ హైవే సంస్థ చెప్పే లెక్క ప్రకారం గ్రామీణ ప్రాంతపు రెండు వరుసల రోడ్లమీద అంచు పట్టీలు వేసినచోట, ఒకే వాహనం అదుపు తప్పి రోడ్డు దిగిపోయి మరణాలకో గాయాలకో దారితీసే ప్రమాదాలు 13 నుంచి 51 శాతం వరకు తగ్గాయి. ఈ అంకె చాలా విస్తృతంగా ఉన్నట్లు కనిపించవచ్చు. రోడ్డు, అంచు వెడల్పు, పట్టీకి గీతకు మధ్య దూరం మారినప్పుడల్లా ఫలితం మారుతుంది కాబట్టి అలా ఉంటుంది. అది అమెరికా లెక్క, అక్కడి రద్దీ వేరు, వాహనాలు వేరు. మన రోడ్ల మీద అంతే తగ్గుతుందని నేను చెప్పను. కానీ కునుకు మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 75 మీటర్లు డ్రైవరు లేకుండానే పోతుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్న భోజనం తర్వాత శరీరం నిద్ర కోరుకుంటుంది, దాన్ని ఎంతటి అనుభవజ్ఞుడైన డ్రైవరూ తప్పించుకోలేడు.

మీకు విడిగా రెండు మాటలు చెప్పాలి. ఎప్పుడైనా అంచు పట్టీ మీదికి చక్రం ఎక్కి చప్పుడు వస్తే స్టీరింగును ఒక్కసారిగా కుడివైపు తిప్పకండి. యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసి, నిదానంగా వరుసలోకి రండి. చాలా బండ్లు బోల్తా పడేది దారి తప్పినందుకు కాదు, కంగారుగా వెనక్కి తిప్పినందుకు. తారు అంచు కంటే పక్కనున్న మట్టి పల్లంగా ఉంటే ఆ కంగారు మరీ ప్రమాదం. రెండో మాట, ఆ చప్పుడు మిమ్మల్ని లేపుతుంది కానీ మీ నిద్రను తీసివేయదు. కొద్ది నిమిషాల్లోనే మత్తు తిరిగి వస్తుంది. ఆ చప్పుడు విన్న తర్వాత దొరికిన మొదటి పెట్రోలు బంకులోనో దాబా దగ్గరో బండి ఆపి పదిహేను ఇరవై నిమిషాలు పడుకోండి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని రాశారు. సొంత బండి నడుపుకునే మీలాంటివారికి ఆ చట్టం వర్తించకపోయినా, ఆ అంకెల వెనకనున్న శరీరం అందరిదీ ఒక్కటే.

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర ఊరు. మా రోడ్డుకు రెండువైపులా పాత మర్రిచెట్లు, మధ్యలో డివైడరు లేదు. ఎదురుగా వచ్చే టిప్పర్లను చూస్తే గుండె దడదడలాడుతుంది. ఇలాంటి రోడ్డు మీద ఏ పట్టీలైనా ఉపయోగపడతాయా? (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, డివైడరు లేని రెండు వరుసల రోడ్డుకే మధ్యగీత పట్టీలు పుట్టాయి. తారు ఉన్న భాగం మొత్తం ఏడు మీటర్లు, అంటే ఒక్కో వైపుకు మూడున్నర మీటర్లు. రెండు పెద్ద వాహనాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు వాటి మధ్య మిగిలే ఖాళీ మనిషి చాచిన చేయంత. ఒకరు కునికినా, ఫోను చూసుకున్నా మిగతాది మీరు చూస్తూనే ఉన్నారు.

మధ్యగీత వెంబడి గాళ్లు కోస్తే, ఎదుటి వరుసలోకి జారే బండికి గీత దాటుతున్న క్షణంలోనే చప్పుడు వినబడుతుంది. ఇలాంటి గ్రామీణ రోడ్ల మీద ఎదురెదురుగా ఢీకొని ప్రాణాలు పోయే, గాయపడే ప్రమాదాలు 44 శాతం తగ్గినట్లు అమెరికాలో 2009లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన నివేదిక తేల్చింది. తెలిసి, చూసుకుని ముందు బండిని దాటేవారికి ఈ పట్టీలు అడ్డంకి కావు, కొద్దిగా చప్పుడు చేస్తాయి, అంతే. అయితే మలుపులో మొండిగా ఓవర్‌టేక్ చేసే టిప్పరు డ్రైవరును కూడా అవి ఆపలేవు. తెలియక చేసే తప్పుకు మాత్రమే ఇది మందు. తెలిసి చేసే తప్పుకు పోలీసు నిఘా కావాలి, వేగాన్ని పట్టే కెమెరా కావాలి.

గాళ్ల మీదనే తెల్లగీతో పసుపుగీతో వేస్తే ఇంకొక లాభం ఉంది. వానలో మామూలు గీత నీటి పొర కింద మునిగి హెడ్‌లైటు వెలుగులో కనబడదు. గాడి పక్కగోడకు అంటిన రంగు నీటిపైన నిలిచి వెలుగును తిప్పి కొడుతుంది. మర్రిచెట్ల కింద రాత్రి వానలో నడిపినవారికి దీని విలువ తెలుస్తుంది.

ఆ చెట్లు ఉండాలా, రోడ్డు వెడల్పు కావాలా అన్న వాదన ఎన్నో ఏళ్ల పాటు నడిచింది. నాకు ఆ చెట్లంటే ప్రేమ, ఆ నీడలో నడిచిన మనిషిని నేను. కానీ ఏ పక్షం గెలిచినా విస్తరణ పూర్తయ్యేదాకా మీరంతా ఆ రోడ్డు మీదనే వెళ్లాలి కదా. అలాంటి ప్రతి రోడ్డుకూ, వెడల్పు చేసే పని ఏ దశలో ఉన్నా సరే, మధ్యగీత పట్టీలు వెంటనే వేయాలని నేను గట్టిగా కోరుతున్నాను. తారు పొర పలుచగా, పగుళ్లతో ఉన్నచోట మాత్రం గాడి కోస్తే నీరు దిగి రోడ్డు చెడుతుంది. ముందు పైపొర కొత్తగా వేసి, ఆ తర్వాత కోయాలి.

ప్రశ్న: మా అబ్బాయి వానలో పట్టీల మీద బ్రేకు వేసి, బండి జారి పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. కార్ల వాళ్ల భద్రత కోసం బండ్ల మీద పోయేవాళ్లను పడేస్తారా? (ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మీ కోపం న్యాయమైనది. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే, విదేశీ కొలతలను కార్ల కోసం రాసిన రూపంలోనే తెచ్చి మన రోడ్డు మీద పరచడం ఎంత తప్పో అర్థమవుతుంది.

జారడానికి కారణం చాలాసార్లు ఉబ్బు కాదు, రంగు. వేడి చేసి పోసే థర్మోప్లాస్టిక్ పెయింటు నునుపుగా ఆరిపోతే వానలో గాజుపలకలా ఉంటుంది. అందులో గరుకుదనం కోసం కలపవలసిన ఇసుకలాంటి పదార్థం కలిపారో లేదో వేసిన రోజే చూడాలి, కాలితో రుద్ది చూసినా తెలుస్తుంది. పట్టీల అంచులు నిటారు గోడల్లా కాకుండా వాలుగా ఉండాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ పూత మీద పూత వేసి ఎత్తు పెంచకూడదు, పాతది గీకి తీసిన తర్వాతే కొత్తది వేయాలి. మలుపు మధ్యలో, అంటే బండి ఒరిగి ఉండే చోట, అడ్డ పట్టీలు అసలే వేయకూడదు. మలుపు మొదలుకాక ముందే తిన్నని భాగంలో వేయాలి.

ఇంకొక సంగతి నేను రోడ్డు పక్కన నిలబడి గమనించినది. అడ్డ పట్టీలు వచ్చేసరికి బండ్లవాళ్లు కుదుపు తప్పించుకోవడానికి ఎడమ అంచుకు, అక్కడి నుంచి మట్టిలోకి దిగుతారు. ఆ మట్టిలోనే స్కూలు పిల్లలు, కూలీలు నడుస్తుంటారు. ప్రమాదం తగ్గించడానికి వేసిన పట్టీ ఆ విధంగా ప్రమాదాన్ని పాదచారి మీదికి నెడుతుంది. అందుకని పట్టీల ఎడమ చివర బండికి సరిపడా ఖాళీని తారు మీదనే వదలాలి. ఆ ఖాళీ వాన నీరు పోవడానికి కూడా పనికివస్తుంది. అంచు పట్టీలకూ ఇదే నియమం. సైకిళ్లు దాటడానికి అమెరికాలో ప్రతి 12 నుంచి 18 మీటర్లకు ఒకసారి 3.6 మీటర్ల ఖాళీ వదలమంటారు. మన దగ్గర సైకిలుతో పాటు బండి, ఆటో, ట్రాక్టరు అన్నీ అంచు మీద నుంచి లోపలికి బయటికి వస్తుంటాయి కాబట్టి ఊళ్ల దగ్గర ఇంతకంటే ధారాళంగా ఖాళీలు వదలాలి.

మీ అబ్బాయికి చేయి నయమయ్యాక ఒక్కమాట చెప్పండి. తడి పట్టీలు కనబడగానే వాటికి ముందే వేగం తగ్గించి, వాటి మీద బ్రేకు వేయకుండా, హ్యాండిలు తిన్నగా పట్టుకుని దాటిపోవాలి.

ప్రశ్న: శామీర్‌పేట దాటాక రోడ్డుకు దగ్గరగా మా ఇల్లు. ఇంటి ముందే పట్టీలు వేశారు. రాత్రంతా లారీల చప్పుడుతో ముసలివాళ్లకు నిద్ర లేదు. తీయించమని అడిగితే స్వార్థమంటున్నారు.

జవాబు: స్వార్థం కాదు, నిద్ర కూడా ఆరోగ్యమే. అడ్డ పట్టీల మీద ప్రతి వాహనమూ చప్పుడు చేస్తుంది, అంచు పట్టీల మీద దారి తప్పిన వాహనం మాత్రమే చేస్తుంది. ఇళ్లున్న చోట అడ్డ పట్టీలు వద్దని నేననేది ఇందుకు కూడా. ఆ పట్టీలు ఊరి మొదటి ఇంటికి వంద, నూట యాభై మీటర్ల ముందుకు జరిగితే మీకు నిద్ర దక్కుతుంది, డ్రైవరుకు కూడా బ్రేకు వేసే సమయం దక్కుతుంది. మీ అర్జీలో తీయించమని కాకుండా జరిపించమని రాయండి.

గాళ్లను నిటారు అంచులతో కాకుండా అలల ఆకారంలో, ఎత్తుపల్లాలు మెత్తగా కలిసేలా కోసే పద్ధతి కూడా వచ్చింది. కాలిఫోర్నియా, మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో వాడుతున్నారు. బండి లోపల వణుకు తెలుస్తుంది, బయటికి వచ్చే చప్పుడు మాత్రం తగ్గుతుంది. ఊళ్లను ఆనుకుని పోయే రోడ్ల అంచులకు మనమూ దీన్ని ప్రయత్నించాలి.

ప్రశ్న: పాట పాడే రోడ్లు ఉంటాయని మా సైన్సు టీచర్ చెప్పారు. నిజమేనా? (తొమ్మిదో తరగతి విద్యార్థిని, మెహిదీపట్నం)

జవాబు: నిజమేనమ్మా. పట్టీలు దగ్గరగా ఉంటే చక్రం సెకనుకు ఎక్కువసార్లు తగిలి స్వరం హెచ్చుతుంది, దూరంగా ఉంటే తగ్గుతుంది. ఈ సూత్రంతోనే 1995లో డెన్మార్క్‌లోని గిల్లింగ్ అనే ఊళ్లో ఇద్దరు కళాకారులు రోడ్డు మీద స్వరాలు పలికించారు. కాలిఫోర్నియాలోని లాంకాస్టర్‌లో 2008లో అలాంటి రోడ్డే వేస్తే ఇళ్లవాళ్లు చప్పుడు భరించలేక ఫిర్యాదు చేశారు, దాన్ని ఊరికి దూరంగా మార్చవలసి వచ్చింది. పై ఉత్తరం రాసిన వారి బాధ అక్కడివారికీ తెలుసన్నమాట. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్లే కారు కింద 10 సెంటీమీటర్ల ఎడంతో పట్టీలుంటే సెకనుకు ఎన్ని కంపనాలు వస్తాయో లెక్కకట్టి మీ టీచరుకు చూపించు.

ప్రశ్న: మా ఊరి ముందు ఏడాదిలో రెండు ప్రమాదాలు జరిగాయి. అధికారులు పట్టించుకోవడం లేదు. యువకులు చందాలు వేసుకుని సిమెంటుతో తామే కట్టేస్తామంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక గ్రామ పెద్ద, సంగారెడ్డి జిల్లా)

జవాబు: దయచేసి ఆపండి. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ బోర్డు లేకుండా, రంగు లేకుండా, చేతికొచ్చిన ఎత్తులో రాత్రికి రాత్రి కట్టిన సిమెంటు దిమ్మె మీద మొదట పడేది మీ ఊరి బండే కావచ్చు. రోడ్డు మీద మోకును అడ్డంగా పరిచి మేకులు కొట్టడం కూడా అంతే ప్రమాదకరం.

ఆ యువకుల చేతికి వేరే పని ఇవ్వండి. జాతీయ రహదారి అయితే ఆ భాగాన్ని చూసే జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు, రాష్ట్ర రహదారి అయితే ఆర్ అండ్ బీ కార్యనిర్వాహక ఇంజినీరుకు, ఊరి లింకు రోడ్డు అయితే పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానికి అర్జీ పెట్టాలి. ప్రతి అర్జీ నకలునూ కలెక్టరు ఆధ్వర్యంలోని జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి పంపాలి. ఇలాంటి కమిటీలు ప్రతి జిల్లాలోనూ ఉండి, క్రమం తప్పకుండా సమావేశం కావాలని సుప్రీంకోర్టు 2017లోనే ఆదేశించింది. జాతీయ రహదారి మీద అత్యవసరమైతే 1033కు ఫోను చేయవచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షను ప్రకారం, రోడ్డు వేయడంలోనో నిర్వహణలోనో ప్రమాణాలు పాటించక మరణానికో వైకల్యానికో కారణమైన బాధ్యత గల సంస్థ, కాంట్రాక్టరు లక్ష రూపాయల వరకు జరిమానా కట్టవలసి రావచ్చు. అర్జీలో ఈ సెక్షనును మర్యాదగా ప్రస్తావించండి.

అర్జీలో "స్పీడు బ్రేకరు కావాలి" అని ఒక్క ముక్క రాస్తే దాన్ని పక్కన పెట్టడం తేలిక. సుమారు 500 మీటర్ల రోడ్డు భాగంలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, లేదా పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తించాలన్నది కేంద్రం పెట్టిన కొలమానం. కాబట్టి పోలీసు స్టేషనులో ఎఫ్ఐఆర్ నంబర్లు తీసుకుని మూడేళ్ల ప్రమాదాలన్నింటినీ తేదీలతో రాయండి. మీ సంఖ్య ఆ కొలమానానికి తగ్గినా రాయండి, తర్వాతి ప్రమాదం దాకా ఆగవలసిన పని లేదు. దగ్గరున్న కిలోమీటరు రాయి నంబరు, ప్రమాదం పగలా రాత్రా, ఏ వాహనం ఎటు నుంచి వచ్చింది, రోడ్డు దాటుతున్న మనిషికి తగిలిందా లేక బండి తానే రోడ్డు దిగిందా అన్నది తప్పక ఉండాలి. దాటేవారికి తగులుతుంటే మీకు కావలసింది ఊరికి బాగా ముందు అడ్డ పట్టీలు, హెచ్చరిక బోర్డు, వీధి దీపం. బండ్లు తామే దిగిపోతుంటే అంచు పట్టీలు. ఎదురెదురుగా ఢీకొంటుంటే మధ్యగీత పట్టీలు. రోడ్డు మీద మిగిలిన టైరు గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో ఫొటో తీసి, పక్కన టేపు పెట్టి కొలిచి, ఆ కొలతను ఫొటో వెనక రాయండి. బ్రేకు ఎంత ఆలస్యంగా పడిందో ఇంజినీరుకు ఆ గీతే చెబుతుంది.